పెళ్లి వీడియో చేతికి ఎలా తీసుకోవాలి?

పెళ్లయిన రెండు మూడు నెలలకు వీడియోగ్రాఫర్ ఫోన్ చేస్తాడు. "సార్, ఎడిటింగ్ అయిపోయింది. డీవీడీలు కొట్టించమంటారా, పెన్‌డ్రైవ్‌లో వేసివ్వనా, లింక్ పంపమంటారా?" ఆల్బం అట్ట ఏ రంగులో ఉండాలో గంటసేపు వాదించుకున్న ఇల్లు ఈ ప్రశ్నకు మాత్రం "ఏదో ఒకటి ఇచ్చేయవయ్యా" అని తేల్చేస్తుంది. కాస్త ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే.

ముందు డీవీడీ సంగతి. మామూలు డిస్కులో పట్టేది 4.7 జీబీ. పైగా డీవీడీ ప్లేయర్‌లో ఆడాలంటే బొమ్మను 720 అడ్డం, 576 నిలువు చుక్కలకు కుదించాలి. అంతా కలిపి 4 లక్షల పైచిలుకు చుక్కలు. ఇప్పుడు పెళ్లిళ్లలో మామూలైపోయిన 4కె కెమెరా ఒక్కో ఫ్రేములో దాదాపు 83 లక్షల చుక్కలు తీస్తుంది. అంటే అంత డబ్బు పోసి తీయించిన బొమ్మలో ఇరవయ్యో వంతే డిస్కులోకి దిగుతుంది. పాత డబ్బా టీవీలో ఈ తేడా తెలిసేది కాదు. 55 అంగుళాల టీవీలో వేస్తే పెళ్లికూతురి చీర మీది జరీ అంతా అలుక్కుపోయి కనిపిస్తుంది.

మన్నిక విషయంలోనూ ఒక అపోహ ఉంది. ఎప్పుడో కొన్న సినిమా డీవీడీ ఇంకా ఆడుతోంది కాబట్టి పెళ్లి డీవీడీ కూడా ఆడుతుందనుకుంటాం. రెండూ ఒకటి కావు. సినిమా డిస్కును ఫ్యాక్టరీలో అచ్చు వేస్తారు, గుంటలు ప్లాస్టిక్‌లోనే ముద్రపడి ఉంటాయి. స్టూడియోలో కొట్టిచ్చే డిస్కులో మాత్రం ఒక రంగుపూత ఉంటుంది, లేజర్ దాన్ని కాల్చి రాస్తుంది. ఎండకూ వేడికీ ఆ పూత పాడవుతుంది. మేడపై గదిలో, రేకుల కింద అట్టపెట్టెలో పెట్టిన డిస్కు పదేళ్లకు జీలకర్ర బెల్లం దగ్గర ఆగిపోయిందంటే కారణం చాలాసార్లు ఇదే.

అలాగని డిస్కుకు మంచిగుణం లేదనను. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, నెలనెలా చందా అక్కర్లేదు. ఒకసారి రాశాక పిల్లలు పొరపాటున చెరపలేరు, వైరస్ అంటదు. బీరువాలో ఎక్కడుందో అమ్మమ్మకు తెలుసు. కాకపోతే దాన్ని ఆడించే యంత్రమే కరువైపోతోంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే అరే ఉండటం లేదు. వీడియో క్యాసెట్లకు ఇదే గతి ముందే పట్టింది: వీసీఆర్‌లు చేసే చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లో వాటి తయారీ ఆపేసింది. మన పెళ్లిళ్లను ఏళ్ల తరబడి మోసిన మినీ డీవీ క్యాసెట్లనూ, రాసుకునే బ్లూరే డిస్కులనూ సోనీ 2025 ఫిబ్రవరితో నిలిపేసింది.

ఇక లింకు. అమెరికాలో ఉన్న అన్నయ్యకు అప్పటికప్పుడు చూపించడానికి దీన్ని మించింది లేదు. అయితే ఆ లింకు అవతల ఉన్న ఖాతా ఎవరిదో చూసుకోవాలి. సాధారణంగా అది వీడియోగ్రాఫర్‌ది. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ, అందులోనే మెయిళ్లూ ఫోటోలూ కూడా. సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున ఎడిట్ చేసిన మూడు గంటల ఫుల్ హెచ్‌డీ వీడియో ఒక్కటే 13.5 జీబీ అవుతుంది. చోటు కొనుక్కున్నా అదీ ఎన్ని పెళ్లిళ్లకు సరిపోతుంది? మాఘమాసం పెళ్లిళ్లు తీసేస్తేనే శ్రావణమాసం పెళ్లిళ్లు ఎక్కేది. అది అతని తప్పు కాదు, దించుకోని మనదే. మన సొంత ఖాతాలో పెట్టుకున్నా ఒక మెలిక ఉంది: రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధనను గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. పెళ్లి వీడియో కోసమని విడిగా తెరిచి మరిచిపోయే జీమెయిల్ సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది.

పెన్‌డ్రైవ్ మధ్యేమార్గంలా కనిపిస్తుంది కానీ అది మోసుకెళ్లడానికి పుట్టిన వస్తువు, దాచుకోవడానికి కాదు. అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది. ఏళ్ల తరబడి ఎక్కడా గుచ్చకుండా పడేస్తే అది మెల్లగా జారిపోవచ్చు. చాలామందికి ఎదురయ్యే చిన్న చిక్కు ఇంకోటి ఉంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. అందుకే ముహూర్తం ఘట్టం మూడు ముక్కలై వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చి వేసివ్వమంటే సరిపోతుంది, మీ టీవీ దాన్ని చదువుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

నా మటుకు నేను చెప్పేది ఇది. డీవీడీలు వద్దనండి. ఎడిట్ చేసిన వీడియోను పూర్తి నాణ్యతలో ఎంపీ4 ఫైలుగా, మీరు కొనిచ్చిన హార్డ్ డిస్కులో తీసుకోండి. లింకు చుట్టాల కోసం మాత్రమే. హార్డ్ డిస్కూ కింద పడితే పోయేదే కాబట్టి రెండు కొనండి: ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తింట్లో. రెండు ఊళ్లలో రెండు కాపీలు ఉండటమన్న సౌకర్యం పెళ్లి వీడియోకు దానంతటదే కుదిరింది, వాడుకోకపోతే ఎలా? మూడో కాపీ డబ్బు కట్టి వాడుకునే క్లౌడ్‌లో ఉంటే ఇంకా మంచిది. ఏడాదికోసారి, పెళ్లిరోజుకే అనుకోండి, హార్డ్ డిస్కు పెట్టి ఫైలు చివరిదాకా ఆడుతోందో లేదో చూడండి.

ఇంట్లో పాత డీవీడీలు ఉంటే వాటిని ఈ నెలలోనే దించండి. యూఎస్‌బీతో పనిచేసే డీవీడీ డ్రైవ్ ఒకటి చాలు. డిస్కు తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో దాదాపు ఒక్కో జీబీ చొప్పున వీఓబీ ఫైళ్లు కనిపిస్తాయి. ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా కాపీ చేసుకోండి. ఆ తర్వాతే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4 చేసుకోవచ్చు, అసలును మాత్రం చెరపకండి. ఒక డ్రైవ్ చదవనని మొరాయించిన డిస్కును మరో డ్రైవ్ చదివేయడం మామూలే.

ఒప్పందం మాట్లాడేటప్పుడే అడగాల్సింది ఒకటుంది. మన పెళ్లి వీడియోల్లో మంత్రాల మీద, మేళం మీద, అప్పగింతల ఏడుపు మీద కూడా సినిమా పాట పరిచేస్తారు. ఆ వీడియోను యూట్యూబ్‌లో పెడితే, అన్‌లిస్టెడ్‌గా పెట్టినా, పాట హక్కుదారులు ఆపగలరు. అంతకంటే పెద్ద నష్టం, తలంబ్రాల దగ్గర మేనత్త వేసిన జోకు, పెళ్లికొడుకు తాతగారి గొంతు ఆ పాట కింద పూడిపోతాయి. పాటలున్న వీడియోతో పాటు, పాటలు లేకుండా ఒరిజినల్ సౌండ్‌తో ఇంకో ఫైలు కావాలని అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పండి. ముడి ఫుటేజీని ఎన్ని నెలలు ఉంచుతారో కూడా అప్పుడే రాయించుకోండి. సెకనుకు 100 మెగాబిట్లతో తీసే 4కె కెమెరా గంటకు 45 జీబీ నింపుతుంది. అంతంత ఫుటేజీని ఏ స్టూడియో కూడా ఎల్లకాలం దాచదు. చివరి విడత డబ్బు ఫైలు టీవీలో ఆడి చూశాకే ఇవ్వండి.