ఉక్కుకు కొలిమి, మశూచికి టీకా: రెండూ ఒకే దేశం నుంచి

భిలాయ్‌లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న మొదలైంది. అది సోవియట్ సాయమని అక్కడి తెలుగు ఇళ్లలో చిన్న పిల్లలకూ తెలుసు. అదే దేశం చేసిన మరో సాయం అంతగా గుర్తులేదు. 1958లో ప్రపంచ ఆరోగ్య సభలో మశూచిని భూమ్మీదే లేకుండా చేద్దామని ప్రతిపాదించింది సోవియట్ వైరాలజిస్టు విక్తర్ ఝ్దానోవ్. ఆపైన ఆ దేశం 140 కోట్లకు పైగా డోసుల టీకా ఉచితంగా ఇచ్చింది. మనకూ పెద్ద ఎత్తున వచ్చింది. తడి తీసేసి పొడి చేసిన ఆ మందు 37 డిగ్రీల వేడిలోనూ నెల రోజులు చెడేది కాదు. ఐసు దొరకని పల్లెకు టీకా చేరిందంటే అందుకే.

ఈ యుద్ధంలో అతి చిన్న ఆయుధం రెండు మొనల సూది. మందులో ముంచితే మొనల మధ్య 0.0025 మిల్లీలీటర్ల చుక్క నిలుస్తుంది. చేతిమీద ఒకేచోట గబగబా 15 పోట్లు పొడిచి, నెత్తురు చెమ్మ కనబడితే పని అయినట్టే. 25 మందికి వచ్చే మందు దీనితో 100 మందికి సరిపోయేది. పెద్దవాళ్లలో చాలామంది చేతులమీది గుండ్రటి మచ్చ మశూచి టీకాదే.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది వేగం. 1974లో దేశంలో 1,88,000కు పైగా మశూచి కేసులు. కొత్త కేసులు ఎక్కడివని తీగ లాగితే డొంక మరో ఉక్కు పట్టణంలో, మనవాళ్లు ఎందరో ఉన్న జంషెడ్‌పూర్‌లో కదిలింది. జ్వరం తగలగానే కూలీలు టాటానగర్ స్టేషన్లో రైలెక్కి సొంతూళ్లకు పోయేవారు. రోగం వెంట పోయేది. ఊరందరికీ టీకా వేయడంకన్నా, ఇల్లిల్లూ వెతికి రోగి చుట్టూ ఉన్నవాళ్లకు వేయడమే దాన్ని ఆపింది. కేసు చెప్పినవారికి బహుమతి 1,000 రూపాయల దాకా పెరిగింది. 1975 మే 24 తర్వాత దేశంలో కొత్త కేసు లేదు.

మశూచి పోయింది, కానీ అంటుకోవడంలో రికార్డు దానిది కాదు, ఇంకా పోని తట్టుది. రక్షణ లేనివాళ్ల మధ్య ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి సోకుతుంది. అందుకే వందలో 95 మందికి రక్షణ ఉంటేగాని ఆగదు. మన దేశంలో తట్టు టీకా మొదటి డోసు 9 నెలలు నిండాకే వేస్తారు. అంతవరకు పక్క క్వార్టర్‌లోని పసిబిడ్డను కాపాడేది చుట్టుపక్కల పిల్లలు వేయించుకున్న టీకాలే. రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య. ఎక్కువ ఇళ్లలో వదిలేస్తున్నది ఈ రెండోదే.