అంబులెన్స్ స్టార్ట్ కాకపోతే తప్పు ఫ్యూయల్ పంపుదేనా?



గత వర్షాకాలంలో ఒకరోజు ఫజర్‌కు ముందే మాచబొల్లారం నుంచి ఫోన్ వచ్చింది. డయాలసిస్ చేయించుకునే ఒక పెద్దాయనకు ఆయాసం ఎక్కువైంది, గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన అంబులెన్స్ సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. చివరికి ఆయనను ఆక్సిజన్ లేకుండా ఆటోలో పంపాల్సి వచ్చింది. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది.

తర్వాత వచ్చిన మెకానిక్ "ఫ్యూయల్ పంపు పోయింది సార్, మార్చాల్సిందే" అన్నాడు. ఎలా తెలిసిందని మేము అడగలేదు. మీరిచ్చిన డబ్బుతో కొత్త పంపు వేయించాం. ఐదో రోజు బండి మళ్లీ మొండికేసింది. మరో మెకానిక్ మీటరు పెట్టి చూస్తే లోపం రిలే కూర్చునే సాకెట్‌లో ఉందని తేలింది. పాత పంపుకు ఏమీ కాలేదు. మీ సొమ్ము మా దగ్గర అమానత్. అందుకే ఆ ఖర్చు ఎలా వృథా అయిందో, అందులో మేము ఏం నేర్చుకున్నామో ఇక్కడ వివరిస్తున్నాం.

ఇప్పటి పెట్రోల్ బండ్లలో ఈ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. బ్యాటరీ కరెంటుతో తిరిగి, పెట్రోల్‌ను ఫిల్టర్ గుండా ఇంజిన్‌కు నెడుతుంది. కరెంటు దానికి ఫ్యూజు, రిలే, వైర్లు దాటుకుని చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా పంపు పలకదు. కాబట్టి నింద పంపు మీద వేసే ముందు దారంతా చూడాలి.

మొదట చెవితో పరీక్ష. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా వినాలి. ట్యాంకు వైపు నుంచి రెండు మూడు సెకన్లు 'గుయ్' మని సన్నని చప్పుడు వచ్చి ఆగిపోవాలి.

చప్పుడు రాకపోతే ఫ్యూజు చూడాలి. తర్వాత రిలే తీసి, అదే రకం హారన్ రిలేను ఆ చోట పెట్టి చూడాలి. సాకెట్ కాలిందా, వదులైందా గమనించాలి. అప్పటికీ పలకకపోతే పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి తాళం ఆన్ చేయాలి. ఆ రెండు మూడు సెకన్లలో సుమారు 12 వోల్టులు చూపాలి. కరెంటు వస్తూ, ఎర్త్ కూడా బాగుండి పంపు తిరగకపోతేనే అది పోయినట్టు. కరెంటే రాకపోతే పంపు మార్చినా లాభం లేదు.

చప్పుడు వస్తున్నా ఇంజిన్ అందుకోకపోతే గేజితో ప్రెషర్ చూడాలి. ఇలాంటి ఇంజిన్లలో అది సాధారణంగా 3 నుంచి 4 బార్ ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ బండి పుస్తకంలో దొరుకుతుంది. తక్కువుంటే ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, రెగ్యులేటర్ పాడై ఉండవచ్చు, పంపు నీరసించి ఉండవచ్చు. ప్రెషర్ సరిగా ఉంటే లోపం పంపుది కాకపోవచ్చు. స్పార్క్ వైపు వెతకాలి.

ప్రెషర్ చూడటం, పైపు విప్పడం మెకానిక్ పని. అయితే అంతకుముందే ఆక్సిజన్ సిలిండర్లను బండిలోంచి దూరంగా దింపించడం మన పని. పెట్రోల్‌కు నిప్పు అంటుకుంటే ఆక్సిజన్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది.

లోపల పెట్రోల్ ఇంజిన్ బిగించిన పడవల్లోనూ ఎలక్ట్రిక్ పంపుకు ఇదే క్రమం. అక్కడ ప్రమాదం మరింత ఎక్కువ. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి పడవ అడుగున నిలిచిపోతుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయర్ ఫ్యాన్ తిప్పాలంటారు. కొన్ని పాత ఇంజిన్లలో ఆయిల్ ప్రెషర్ స్విచ్ గుండానే పంపుకు కరెంటు వెళ్తుంది. ఆ స్విచ్ చెడితే బాగున్న పంపు కూడా ఆగిపోతుంది.

దాతలు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ట్యాంకులోని పెట్రోలే పంపును చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వ్‌లోనే నడిపితే పంపు వేడెక్కి త్వరగా చెడుతుంది. డబ్బు అందినప్పుడల్లా వంద, రెండు వందల పెట్రోల్ పోయించడం మా పాత అలవాటు. పొదుపు చేస్తున్నామనుకుని పంపు ఆయుష్షు తగ్గించాం. ఇప్పుడు ట్యాంకు పావు వంతుకు దిగకముందే నింపిస్తున్నాం. ఈ పరీక్షల వరుసను ఒక అట్టమీద రాసి డ్రైవర్ సీటు దగ్గర వేలాడదీశాం. కరెంటు, ప్రెషర్ కొలతలు రాసివ్వనిదే ఏ పార్టుకూ డబ్బు చెల్లించడం లేదు.

కొత్త బండికి, కొత్త మంచానికి ముందుకొచ్చే దాతలు మనకు ఉన్నారు, వారికి రుణపడి ఉంటాం. ఉన్న బండి ట్యాంకు నిండుగా ఉంచడానికి ఇచ్చే నెలవారీ చిన్న మొత్తం మీద ఎవరి పేరూ రాయలేం. కానీ అర్ధరాత్రి తాళం తిప్పగానే ఇంజిన్ అందుకునేది దాని వల్లే. ఆ బండి ఎక్కే రోగుల దువాల్లో మీకూ భాగం ఉండాలని కోరుకుంటున్నాం.