మాట నేర్చిన తూకపు యంత్రం

రైల్వే ప్లాట్‌ఫారంపై రంగురంగుల దీపాలతో మెరిసే తూకపు యంత్రం ముంబయివాసులకు చిరపరిచితం. నాణెం వేస్తే బరువు ముద్రించిన చీటీ బయటకు వచ్చేది. వెనుకవైపు జాతక వాక్యం ఒకటి ఉండేది. అటువంటి పాత యంత్రం ఎక్కడైనా దొరికితే పాత ఇనుము కింద తూచి అమ్మివేయనవసరం లేదు. దానికి తెలుగులో బదులు చెప్పడం నేర్పవచ్చు.

ఈ ప్రయోగానికి కామాటిపుర తగిన చోటు. హైదరాబాదు సంస్థాన ప్రాంతాల నుండి వలస వచ్చి, ముంబయి కట్టడాలలో చెమటోడ్చిన తెలుగు కామాటీల పేరే ఆ పేటకు స్థిరపడింది. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరొందిన లామింగ్టన్ రోడ్డు అక్కడికి నడక దూరంలోనే ఉంది.

యంత్రపు పెట్టెను, దీపాలను అలాగే ఉంచి, లోపలి స్ప్రింగులను తొలగించాలి. నిలబడే పలక నాలుగు మూలల కింద 50 కిలోల లోడ్ సెల్‌లు నాలుగు అమర్చాలి. బరువు పడగానే అందులోని లోహం లేశమాత్రం వంగుతుంది. విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ స్వల్ప మార్పును హెచ్ఎక్స్711 అనే చిప్ అంకెలుగా మార్చి ఆర్డుయినో బోర్డుకు అందిస్తుంది. నాణెం జారే దారిలో పరారుణ కిరణపు సెన్సర్ ఉంచితే, నాణెం పడిన సంగతి బోర్డుకు తెలుస్తుంది. తెలిసిన బరువును ముందుగా పలకపై ఉంచి లెక్క సరిచూసుకోవాలి.

ఇక మాట. హిందీ, మరాఠీలలో తొంభై తొమ్మిది వరకు దాదాపు ప్రతి అంకెకూ వేరు మాట ఉంది. తెలుగులో ఆ చిక్కు లేదు. ఒకటి నుండి ఇరవై వరకు 20 మాటలు, ముప్పై మొదలు తొంభై వరకు పదులు 7, ఆపై నూరు, నూట, కిలోలు: మొత్తం 30 మాటలు రికార్డు చేస్తే 199 కిలోల వరకు చెప్పవచ్చు. 'అరవై', 'మూడు', 'కిలోలు' అనే మూడు ముక్కలను మెమరీ కార్డు నుండి వరుసగా వినిపించడమే ప్రోగ్రాము చేసే పని.

జాగ్రత్తలు రెండు. లోపలి 230 వోల్టుల తీగలను ఎలక్ట్రీషియన్ చేతనే విడదీయించాలి. కొత్త భాగాలకు 5 వోల్టుల అడాప్టరు చాలు. ఇది ప్రదర్శనకే, డబ్బు తీసుకొని బరువు చూపదలచితే తూనికలు కొలతల శాఖ ముద్ర అవసరం.

ఆ ముప్పై మాటలను చాల్‌లోని పెద్దావిడ ఎవరిచేతనైనా పలికించండి. వర్లీలో బీడీడీ చాళ్ల స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. కామాటిపుర పునర్నిర్మాణానికీ ప్రణాళికలు సాగుతున్నాయి. తెలుగు చదవడం రాని మనుమడు కూడా ఆ పలకపై నిలబడి, తన బరువును అమ్మమ్మ గొంతులో వినగలడు.