కరెంటు వైద్యం మధ్యలో మానితే ముప్పే

నాట్లు మొదలయ్యాయని ఒకరు, ఇంట్లో పెళ్లి ఉందని మరొకరు, చేతిలో డబ్బు అయిపోయిందని ఇంకొకరు బస్సెక్కి ఊరికి వచ్చేస్తారు. పది రోజులాగి వెళితే ఏమవుతుందిలే అనుకుంటారు. కేన్సర్ రోగులకు ఇచ్చే రేడియేషన్ చికిత్సలో ఆ పది రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే ఈ వైద్యంలో మోతాదు ఎంత ముఖ్యమో, రోజుల లెక్క కూడా అంతే ముఖ్యమని పరిశోధనల్లో తేలింది.

నిజానికి ఇది కరెంటు కాదు. ఎక్స్‌రే కిరణాల వంటివే, వాటికంటే ఎంతో శక్తి గల కిరణాలు. షాకు కొట్టదు, పెట్టే సమయంలో నొప్పి తెలియదు. బయటి యంత్రంతో కిరణాలు పెట్టించుకున్న వారి ఒంట్లో అవి మిగిలి ఉండవు. కనుక ఇంటికి వచ్చాక పిల్లలను దగ్గరకు తీసుకోవచ్చు, అందరితో కలిసి భోంచేయవచ్చు.

అంతా ఒకేసారి ఎందుకు పెట్టరు?

కిరణాలు కేన్సర్ కణాలతో పాటు పక్కనున్న మంచి కణాలనూ దెబ్బతీస్తాయి. రోజుకు కొంచెం చొప్పున ఇస్తే మంచి కణాలు మర్నాటికి చాలావరకు కోలుకుంటాయి. కేన్సర్ కణాలకు ఆ శక్తి తక్కువ. అయితే మధ్యలో విరామం వస్తే మిగిలిన కేన్సర్ కణాలు మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. కోత సగంలో వదిలేసిన కలుపు తిరిగి చేనంతా అల్లుకున్నట్టే.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆధ్వర్యాన పలు దేశాల్లో నోరు, గొంతు కేన్సర్ ఉన్న 908 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. మొత్తం మోతాదు మార్చకుండా కొందరికి వారానికి 5 రోజులు, మరికొందరికి 6 రోజులు కిరణాలు ఇచ్చారు. అయిదేళ్ల తర్వాత చూస్తే 5 రోజుల వారిలో నూటికి 30 మందికి, 6 రోజుల వారిలో నూటికి 42 మందికి వ్యాధి అదుపులో ఉంది. త్వరగా ముగించిన వారికి నోటి పూత, చర్మం కమలడం అప్పట్లో కాస్త ఎక్కువైనా, ఫలితం మాత్రం మెరుగైంది. చుట్ట, గుట్కా అలవాటున్న వారు, ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే మహిళలు గమనించవలసిన విషయమిది.

రొమ్ము కేన్సర్‌కు తగ్గిన రోజులు

రొమ్ము కేన్సర్ ఆపరేషన్ తర్వాత ఒకప్పుడు అయిదు వారాలు కిరణాలు పెట్టేవారు. పరిశోధనల పుణ్యమా అని అది మూడు వారాలకు తగ్గింది. బ్రిటన్‌లో 97 ఆస్పత్రుల్లో 4,096 మందిపై జరిపిన మరో పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. వారం రోజుల్లో అయిదుసార్లు ఇచ్చినా, మూడు వారాల్లో పదిహేనుసార్లు ఇచ్చినదానికి తీసిపోదని అందులో తేలింది. కూలి మానుకుని పట్నంలో ఉండవలసిన కుటుంబానికి ఇది పెద్ద ఊరట. అయితే అందరికీ ఇది పనికిరాదు. ఎవరికి ఎన్ని రోజులో డాక్టరే నిర్ణయించాలి.

గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు ఆపరేషన్ తర్వాత కిరణాలు పెడితే పేగులు దెబ్బతిని విరేచనాలు, కడుపునొప్పి ఏళ్ల తరబడి వేధించేవి. ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్ వైద్యులు 300 మందిపై పరిశోధించి 2021లో ఫలితాలు ప్రకటించారు. రోజూ స్కానులో చూసుకుంటూ, పేగులను తప్పించి కిరణాలు పెడితే మూడేళ్లలో ఇలాంటి బాధలు నూటికి 42 మంది నుంచి 21 మందికి తగ్గాయి. వ్యాధిని అదుపు చేయడంలో తేడా రాలేదు.

మొదటి రోజులు వృథా కావు

ఆస్పత్రిలో చేరిన వెంటనే కిరణాలు పెట్టడం లేదని చాలామంది విసుక్కుంటారు. ఆ రోజుల్లోనే అసలు పని జరుగుతుంది. స్కాను తీస్తారు, ఒంటిపై గుర్తులు పెడతారు. తల, మెడ భాగాలకైతే కదలకుండా ఉండేందుకు ముఖానికి తొడుగు తయారు చేస్తారు. ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో డాక్టరు స్కానుపై గీస్తారు. భౌతిక శాస్త్ర నిపుణులు మోతాదు లెక్క కడతారు. నోటి కేన్సర్ వారికి ముందుగానే పళ్లు చూపించాలి. పొత్తికడుపుకు పెట్టేవారిని నీళ్లు తాగి మూత్రం ఆపుకోమంటే ఆ మాట పాటించాలి. ఒంటిపై గుర్తులు చెరపకూడదు.

ముఖద్వార కేన్సర్‌కు ఆపరేషన్ లేకుండా కిరణాలతోనే వైద్యం చేసేటప్పుడు బయటి కిరణాల తర్వాత లోపలి నుంచి కూడా పెడతారు. రెండూ కలిపి 8 వారాల్లోగా పూర్తి కావాలి. రక్తస్రావం ఆగింది కదా అని మొదటి దానితోనే ఇంటికి వచ్చేయడం పెద్ద పొరపాటు.

హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రిలోనూ, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రిలోనూ రేడియేషన్ చికిత్స ఉంది. బయలుదేరే ముందే ఎన్ని వారాలు పడుతుంది, ఎక్కడ ఉండాలి, ప్రభుత్వ పథకం వర్తిస్తుందా అని అడిగి తెలుసుకోవాలి. ఇంటివద్ద గొడ్డూగోదా చూసేందుకు, నాట్లు వేసిపెట్టేందుకు ఇరుగుపొరుగు ఒక చెయ్యి వేస్తే రోగి నిశ్చింతగా వైద్యం ముగించుకుంటాడు. తప్పనిసరిగా ఊరికి రావలసి వస్తే డాక్టరుకు చెప్పే రావాలి. తప్పిన రోజులను సెలవు రోజున గానీ, రోజుకు రెండుసార్లు పెట్టి గానీ సర్దే వీలు ఉంటుంది. చెప్పకుండా బస్సెక్కితే ఆ వీలూ పోతుంది.