సీటు ముక్కు ఎందుకు లేస్తుంది?

కోయంబత్తూరులో ఆర్.ఎస్. పురం అంటే రత్నసభాపతిపురం. దివాన్ బహద్దూర్ రత్నసభాపతి ముదలియార్ పేరు పేటకి, ఆయన బిరుదు డీబీ రోడ్డుకి వచ్చాయి. ఆ రోడ్డు మీదే స్పీడు బ్రేకరు దాటుతుంటే నా సైకిలు సీటు ముక్కు ఒక్కసారి పైకి లేచింది, నేను క్యారియరు మీదికి జారాను. ఒక షాపులో పానాకి పొడుగాటి పైపు తగిలించి, ఊపిరి బిగబట్టి నట్టు బిగించారు. మూడో రోజుకి ముక్కు మళ్ళీ ఆకాశం చూసింది.

తప్పు బిగింపులో లేదు, పళ్ళలో ఉంది.

పాత రకం సైకిలు సీటు కింద ఒక క్లిప్పు ఉంటుంది. సీటు పైపును పట్టుకునే పట్టీకి రెండు పక్కలా గుండ్రంగా సన్నటి పళ్ళు, వాటికి ఎదురుగా బిళ్ళల మీద అలాంటివే పళ్ళు. అడ్డంగా దూరిన ఒకే బోల్టు, రెండు కొసలా నట్లు. సీటును ఒరగకుండా ఆపేది బోల్టు బలం ఒక్కటే కాదు, ఒక పన్ను రెండు పళ్ళ సందులో కూర్చోవడం. పన్ను మీద పన్ను నిలబడ్డప్పుడు బిగించామా, చేతికి గట్టిగానే అనిపిస్తుంది. కానీ మొదటి గుంతకే టక్కున జారి పక్క సందులో పడుతుంది.

ఆ పళ్ళ మీద భారం తక్కువేం కాదు. క్లిప్పుకి 10 సెంటీమీటర్లు వెనగ్గా 30 కిలోల బరువు పడిందనుకోండి. పళ్ళ వలయం వ్యాసార్ధం ఒకటిన్నర సెంటీమీటరైతే అక్కడ 200 కిలోల ఒత్తిడి. గుంతలో పడితే ఇంకా ఎక్కువ. అరిగి మొద్దుబారిన పళ్ళు దానికెలా ఆగుతాయి?

అందుకని ముందు రెండు నట్లూ వదులు చేసి, పళ్ళు విడిపడేదాకా సీటు ఊపండి. పాత టూత్‌బ్రష్షుతో కిరసనాయిలు రాసి మడ్డి తీసేసి, పొడిగుడ్డతో తుడవండి. పళ్ళు ఆకురాయిలా వేలికి గరుగ్గా తగిలితే మంచిదే. నున్నగా తగిలితే క్లిప్పు మార్చాల్సిందే, వేరే దారి లేదు. (నాకు ఒకరు వెల్డింగు పెట్టి ఇచ్చారు. సీటు కదల్లేదు నిజమే, ఆ తర్వాత మేం కదిలించాలన్నా కదల్లేదు.) బోల్టు మరకి చుక్క నూనె వేయొచ్చు, పళ్ళకి మాత్రం వద్దు. సీటు సమంగా పెట్టి, ముక్కు పట్టుకుని కొంచెం కొంచెం ఊపుతూ, పళ్ళు సందుల్లో పడ్డాయని చేతికి తెలిశాక ఇటు అర చుట్టు, అటు అర చుట్టు బిగిస్తూ రండి. ఒక పక్కే లాగేస్తే రెండో పక్క పళ్ళు ఏటవాలుగా కరుస్తాయి. పది కిలోమీటర్లు తొక్కాక మళ్ళీ ఒకసారి బిగించాలి. కొత్త క్లిప్పయితే మరీను.

చాలా గేరు సైకిళ్ళలో బోల్టు కిందనుంచి ఉంటుంది, పానా బదులు అలెన్ కీ. సూత్రం ఇదే.

సీటు ఒరగకుండా మెల్లగా కిందికి దిగిపోతుంటే అది వేరే జబ్బు. ఫ్రేములో దూరే పైపుకి నూనె అంటిందేమో తుడిచి చూడండి. తర్వాత ఫ్రేము మీది బిగింపు చెవులు గమనించండి. రెండు చెవులూ ఒకదానికొకటి తగిలిపోయాయంటే ఇక ఎంత తిప్పినా లాభం లేదు, పైపే సన్నం. 27.2 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 27 పెట్టినా చాలు, జారుతుంది. కూల్‌డ్రింకు డబ్బా రేకు మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఒక చుట్టు చుడితే రెండు వైపులా కలిసి ఆ 0.2 భర్తీ అవుతుంది. తేడా ఇంకా ఎక్కువుంటే, పంపులకూ ఫౌండ్రీలకూ పేరుబడ్డ కోయంబత్తూరులో లేతు పట్టేవాళ్ళకేం కొదవ? సన్నటి తొడుగు తిప్పించుకోవచ్చు. పైపు మీద గీసి ఉన్న హద్దు గీత మాత్రం బయటికి కనబడకూడదు.

అన్నీ అయ్యాక మా ఆవిడ గోళ్ళరంగు అడిగి తెచ్చి, క్లిప్పు పట్టీ మీదినుంచి బిళ్ళ మీదికి ఒక గీత గీశాను. వారం తర్వాత చూస్తే గీత విరగలేదు.