ఒకే ఒరలో రెండు కత్తులు!

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ల్యాప్‌టాప్ దగ్గర ఆ సామెత చెల్లదు. ఒకే హార్డ్‌డిస్కులో విండోస్, లినక్స్ చెరో వాటాలో హాయిగా కాపురం ఉంటాయి. ఆన్ చేయగానే 'ఏది కావాలి?' అని ఓ మెనూ అడుగుతుంది. బాణం మీటతో ఎంచుకుని ఎంటర్ నొక్కడమే. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరమో ఆ తర్వాతదో అయ్యుండాలి. ఐటీ కారిడార్‌ను ఆనుకుని ఉన్న పుప్పాలగూడ, మణికొండ లాంటి చోట్ల ఒకే ఇంట్లో రెండు మూడు ల్యాప్‌టాప్‌లు ఉండటం వింతేమీ కాదు. వాటిలో ఏ 2015లోనో కొన్నదానికి తెర బాగుంటుంది, కీబోర్డూ బాగుంటుంది. కొత్త విండోస్ మాత్రం గడప తొక్కదు. పాతసామాన్లవాడికి వేసేముందు దానికి మరో అవకాశం ఇచ్చి చూడొచ్చు. లినక్స్ మింట్‌కి 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు.

అన్నట్టు, ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ జోలికి మాత్రం పోకండి. అది మీది కాదు!

సొంతదైతే మొదట చేయాల్సింది బ్యాకప్. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు... అన్నీ మరో డిస్కులోకి వెళ్లాకే మిగతా పని. తర్వాత బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీ 48 అంకెలు. కాగితం మీద రాసి దాచుకోండి. బూట్ వ్యవస్థలో మార్పు కనిపిస్తే విండోస్ ఆ కీ అడుగుతుంది. చెప్పలేకపోతే లోపలున్నవి దక్కడం కల్లే. 'ఫాస్ట్ స్టార్టప్'నూ ఆపేయాలి. లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాకుండా సగం నిద్రలో ఉంటుంది.

ఇక డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి సి డ్రైవ్‌ను 50 జీబీ దాకా కుదించి ఆ చోటు ఖాళీగా వదిలేయండి. ఉబుంటునో మింట్‌నో దించుకుని రూఫస్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించండి. (ఒకప్పుడు ఉబుంటు సీడీలు ఉచితంగా పోస్టులో ఇంటికే వచ్చేవి. 2011లో ఆ ముచ్చట ముగిసింది.) ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూడొచ్చు. వైఫై, సౌండు పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తేల్చుకోండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అసలు గండం ఒక్కచోటే ఉంది. 'విండోస్ పక్కన' అనేది ఒక ఎంపిక, 'డిస్కంతా చెరిపేసి' అనేది మరొకటి. రెండూ ఒకే తెర మీద ఉంటాయి. అక్కడ తొందరపడితే ఆ బ్యాకప్పే దిక్కు.

అంతా అయ్యాక విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి కనిపించొచ్చు. కంగారొద్దు. యంత్రంలోని గడియారాన్ని లినక్స్ అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్ని మన సమయమనుకుంటుంది. స్థానిక సమయమే వాడమని లినక్స్‌కి ఒక్క ఆదేశమిస్తే పేచీ తీరిపోతుంది.

లినక్స్‌తో మనకో తెలుగు బంధమూ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ 2005లోనే మెనూలు తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' కూడా తయారుచేసింది. సీడాక్ వారి బాస్ లినక్స్‌లోనూ తెలుగుంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఇంగ్లిషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట కావడంతో అక్కడివాళ్లు ఎప్పుడూ వివరణ ఇచ్చుకుంటూ ఉండాలి. మనకా బాధ లేదు! ఉబుంటు, మింట్‌లలోనూ భాషల జాబితాలో తెలుగును ఎంచుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది.

విండోస్‌ను ఎందుకు ఉంచుకోవడం అంటే... ట్యాలీ లాంటివి నేరుగా లినక్స్‌లో నడవవు. మద్దతు ఆగిన విండోస్ 10లో లెక్కలు చూసుకుని, బ్యాంకు పనులకూ ఇంటర్నెట్‌కూ లినక్స్ వాడుకోవడం తెలివైన సర్దుబాటే.

ఒకవేళ లినక్స్ నచ్చలేదనుకోండి. దాని భాగాన్ని వెంటనే చెరిపేయకండి. ముందు బయోస్‌లోకి వెళ్లి బూట్ వరుసలో విండోస్‌ను పైకి తెచ్చి, అది సరిగ్గా తెరుచుకుంటోందని చూసుకున్నాకే ఆ 50 జీబీ వెనక్కి తీసుకోండి.