ముద్దుమాటలలోని నత్తి

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పండితుడగు వెండెల్ జాన్సన్ 1944లో, బానక్, షోషోనీ తెగల ఆదివాసుల భాషలలో నత్తి యను మాటయే లేదనియు, మాట లేనందుననే వారిలో నత్తిగల బిడ్డలును లేరనియు, శిశుసహజమైన తొట్రుపాటును తల్లిదండ్రులు దోషముగా నెంచి పేరుపెట్టినప్పుడే అది నత్తియై నాటుకొనుననియు ప్రతిపాదించెను. తానును నత్తితో బాధపడినవాడగుటచే ఆయన ఆర్తిని శంకింపరాదు. కాని ఆ తెగల భాషలలో నత్తిని తెలుపు పదములును, ఆ తెగలలో నత్తిగల మనుష్యులును కలరని 1983లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. ఈలోపల నెందరు తల్లులు, దోషము తమదేయని కుమిలి, బిడ్డ తడబడినపుడెల్ల నోరు కట్టుకొని కూర్చుండిరో!

నత్తి యెల్ల జాతులలోను గలదు. రెండేండ్లకు ఐదేండ్లకు నడుమ, పదములు వాక్యములుగా కూడుకొను వేళ, ఇంచుమించు ఇరువదిమందిలో నొకరికి అది పొడసూపును. వారిలో పెక్కుమంది చికిత్స లేకయే కోలుకొందురు. అయితే ఎవరు కోలుకొందురో ముందుగా నిశ్చయించి చెప్పజాలకుండుటయే చిక్కు.

సిడ్నీ నగర భాగమగు లిడ్‌కోంబ్ పేరిట వెలసిన చికిత్స జాన్సన్ వాదమును తలక్రిందులు చేసి, తల్లిదండ్రులనే చికిత్సకులను గావించినది. దినమునకు పది పదునైదు నిమిషములు బిడ్డతో ఆడుకొనుచు, తడబాటు లేని మాటను తరచుగా మెచ్చుకొని, తడబడినదానిని అరుదుగా, మృదువుగా మాత్రమే సూచించుట దాని సారము. న్యూజిలాండులో 54 మంది పిల్లలపై జరిగి 2005లో ప్రకటితమైన పరీక్షలో, తొమ్మిది నెలలకు ఈ చికిత్స పొందినవారు నూరు అక్షరములకు సగటున 1.5 చొప్పునను, తక్కినవారు 3.9 చొప్పునను తడబడిరి. ఇదొక్కటే మార్గమని కాదు. పెద్దలు తమ మాటల వేగమును తగ్గించి బిడ్డపై ఒత్తిడి నుపశమింపజేయు వేరొక పద్ధతియు హాలండులో దాదాపు సమానఫలము నిచ్చినది.

అయితే మెప్పు ఔషధమైన చోట, ఏ యింట ఎట్లు మెచ్చుకొందురో యెరుగనిదే మందు పనిచేయదు. మన యిండ్లలో బిడ్డను ఎదుట పొగడిన దిష్టి తగులునని పెద్దలు వెనుదీయుదురు. మాట స్ఫుటముగా వచ్చుటకై వసకొమ్ము నరగదీసి నాలుకకు రాచు అవ్వ, ఆ వస నత్తిని మాన్పునని నిరూపణ లేకున్నను, బిడ్డ పలుకుకై దినదినము కనిపెట్టుకొని యున్నది గదా! పరభాషలోని పొగడ్తను తెనిగించి అప్పగించుటకంటె, "భలే చెప్పితివిరా నాన్నా" యని ఆమె నోట సహజముగా వచ్చు మాటను చికిత్సకు వాడుకొనుట మేలు.

విదేశములలో తెలుగుబిడ్డకు నత్తి కనబడగానే ఇంట తెలుగు మానుడని సలహా యిచ్చువారు నేటికిని కలరు. రెండు భాషలు వినుటవలన నత్తి పుట్టునని నిరూపణ లేదు. తెలుగు మానిన యింట, ఆ బిడ్డను మెచ్చుకొనవలసిన నాయనమ్మ నోరే ముందుగా మూతపడును.